జేమ్స్‌టౌన్ పాఠం: పాత రాతలతోనా, చెట్టు వలయాలతోనా?

వర్జీనియాలో నాలుగో తరగతి చదివే పిల్లలున్న తెలుగు ఇళ్లలోనూ జేమ్స్‌టౌన్ పేరు వినబడుతుంది. అమెరికాలో ఇంగ్లీషువాళ్ల తొలి శాశ్వత వలస అది. 1609-10 చలికాలంలో అక్కడి ఆకలి చావులను క్లాసులో ఎలా చెప్పాలి? దారులు రెండు: అప్పటి వలసదారుల రాతలు చదివించడం, లేదా చెట్టు కాండంలో ఏడాదికొకటి చొప్పున పడే వలయాలను కొలిపించడం.

ఖర్చు: రాతలకు జిరాక్స్ డబ్బులే. వలయాలకు కాగితం పట్టీలు, స్కేలు.

శ్రమ: రాతల్లో 17వ శతాబ్దపు ఇంగ్లీషు, స్పెల్లింగులతోనే సగం పీరియడ్ పోతుంది. వలయాలు పిల్లలే కొలుస్తారు. సన్న వలయం అంటే వాన తక్కువైన ఏడాది. అక్కడి సైప్రస్ చెట్లను చదివి 1998లో శాస్త్రజ్ఞులు తేల్చినదేమిటంటే, 1606-1612 మధ్య ఏడేళ్లు 770 ఏళ్లలోనే అతి ఘోరమైన కరువు. వలసదారులు సోమరిపోతులు కాబట్టే చచ్చారన్న పాత మాట అక్కడితో తేలిపోతుంది.

రిస్కు: ఆ రాతల్లో ముఖ్యమైనవి జార్జ్ పెర్సీవి. ఆయన అప్పటి వలస అధ్యక్షుడు, తనను తాను సమర్థించుకోవాల్సిన మనిషి. అక్కడి స్థానిక ఆదివాసులైన పౌహాటన్ల గొంతు ఆ రాతల్లో నేరుగా లేదు. కానీ వలయాలూ అంతా చెప్పవు. పౌహాటన్లు కోటను ముట్టడించారని ఏ చెట్టు చెబుతుంది?

ఆకలికి వలసదారులు శవాలను తిన్నారని పెర్సీ రాస్తే చాలామంది నమ్మలేదు. కానీ 2012లో అక్కడే చెత్త నిండిన నేలమాళిగలో పద్నాలుగేళ్ల పిల్ల పుర్రె దొరికింది, నుదుటి మీద కత్తి గాట్లతో. (ఈ ఫొటో చిన్న క్లాసులకు వద్దు.)

ఒక్క పీరియడే ఉంటే, చిన్నపిల్లలైతే వలయాలు. హైస్కూలైతే, వారం చేతిలో ఉంటే ముందు పెర్సీ, తర్వాత పుర్రె.