రిసార్టులో దోపిడీ, పాశర్లపూడిలో పనసపొట్టు కూర

రాజోలు వైపు రిసార్టు బుక్ చేసుకునేవాళ్లు ముందు ఇది చదవండి. ఆన్‌లైన్‌లో 4,500 చూసి డబ్బు కట్టేశాను. తీరా వెళ్లాక, గోదావరి కనిపించే గదికి ఇంకో 1,200 అన్నారు. సరే అని ఇచ్చాను. కిటికీ తీస్తే రొయ్యల చెరువు! రాత్రంతా చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మోత. గోదావరేదయ్యా అంటే కుర్రాడు బాత్‌రూమ్ వెంటిలేటర్ వైపు చెయ్యి చూపించాడు. వేడినీళ్లు రాలేదు. టిఫిన్ గదితో పాటే అని బుకింగ్‌లో ఉంది, బిల్లులో మాత్రం ఇద్దరికీ కలిపి 500 వేశారు. జీఎస్టీ బిల్లు అడిగితే ప్రింటర్ పాడైందన్నారు.

మామయ్యకి ఇవేవీ పట్టలేదు. ఆయన రిటైర్డ్ టీచరు, సొంతూరు తెలంగాణలో పీవీ నరసింహారావు గారి ఊరు వంగర పక్కనే, పీవీ అంటే ప్రాణం. తిరుగుతున్న ఏరేటర్లనే చూస్తూ, "91లో దేశం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకే సరిపడ డాలర్లున్నయి. బంగారం కుదువ పెట్టినం. ఇయ్యాల గీ రొయ్యలే డాలర్లు తెస్తున్నయి" అన్నారు. "దేశం సంగతేమో గానీ మన 1,200 పోయాయి మామయ్యా" అన్నాను. అంతే, మధ్యాహ్నం దాకా నాతో మాటల్లేవు.

అంతకు ముందు రోజు నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగడం, అంతర్వేది దర్శనం, అన్నీ సాఫీగా జరిగాయి.

ఈ ట్రిప్పులో మామయ్య అడిగిన చోటు ఒక్కటే, పాశర్లపూడి. 1995 జనవరి 8న, సంక్రాంతి వారంలో ఉందనగా, అక్కడ ఓఎన్జీసీ గ్యాస్ బావి అదుపు తప్పి ఎగజిమ్మి (బ్లోఅవుట్ అయి) 65 రోజులు మండింది. అప్పుడు ప్రధాని పీవీయే. ఆ మంట టీవీలో చూసినప్పటి నుంచి ఆయనకి ఆ చోటు చూడాలని ఉందట. వెళ్లి చూస్తే ఏముంది, కొబ్బరి తోటలు. అడిగినవాళ్లంతా "అదిగోనండి, అటు" అని చెట్లకేసి చూపించారు. మామయ్య మొహం ఇంకాస్త ముడుచుకుంది.

గోదావరి పాయ వైనతేయ మీది వంతెన ఎక్కకముందు రోడ్డు పక్కన ఓ చిన్న మెస్ కనబడింది. భోజనం 130. పెరట్లో ఒకావిడ చేతికి నూనె రాసుకుని పనసకాయ పొట్టు కొడుతోంది. కూరలో ఎండుమిర్చి, జీడిపప్పు, పైన పచ్చి ఆవ. మొదటి ముద్దకే ఘాటు ముక్కుకెక్కి మామయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. వడ్డిస్తున్న డెబ్బై దాటిన పెద్దాయన ఏ ఊరని అడిగారు. చెప్పగానే, "పీవీ గారి ఊరి పక్కనేనాండి! ఆయ్, 72లో మా కాలేజీ గేటు దగ్గర ఆయన దిష్టిబొమ్మ తగలేసింది మేమేనండి" అన్నారు.

మామయ్య చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. నాకు టెన్షన్. తెలంగాణ ప్రాంతపు సర్కారు ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెబితే, ముఖ్యమంత్రిగా ఉన్న పీవీ ఆ తీర్పే ఖాయమన్నారు. ఆంధ్రకి వేరే రాష్ట్రం కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది, 73 జనవరిలో ఆయన పదవి పోయింది. మా ఇంట్లో ఇది ఎప్పటికీ చల్లారని గొడవ.

పెద్దాయన మాత్రం కూర మారు వడ్డిస్తూ, "ముల్కీ పైకి చెప్పిన మాటండి. పెద్ద కమతాల వాళ్ల అసలు మంట, ఇంతకు మించి భూమి ఉండకూడదని పీవీ గారు తెచ్చిన భూపరిమితి మీద. నాకేమో సెంటు భూమి లేదు, అయినా గొంతు పోయేలా అరిచానండి" అన్నారు.

"వింటివా అల్లుడూ" అన్నారు మామయ్య. పొద్దుటి నుంచి నాతో అదే మొదటి మాట.

ఇక ఇద్దరూ ఆగలేదు. పెద్దాయన కూతురు పెద్దాపురం నవోదయలో ఆరో తరగతి నుంచి పన్నెండు దాకా చదివిందట, ఫీజు రూపాయి కట్టలేదట. ఆ బడులు 1986 విద్యావిధానంతో వచ్చాయనీ, అప్పుడు కేంద్రంలో ఆ శాఖ మంత్రి పీవీయేననీ మామయ్య చెప్పారు. పెద్దాయన గరిటె పట్టుకునే కాసేపు నిలబడిపోయి, "ఇన్నాళ్లూ తెలీదండి" అన్నారు.

బిల్లు 260. మారు వడ్డించిన కూరకి డబ్బు తీసుకోలేదు. నా సలహా, అమలాపురంలో 1,500 లాడ్జిలో దిగి తిండి మీద ఖర్చు పెట్టండి. మామయ్య ఇంకో 200 పెట్టి కూర పార్సిల్ కట్టించుకున్నారు. సూర్యాపేట దాటేదాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు.