మిరియాల వాసన నాకు రాని షిరాజ్

పలాస పక్కన మా కాశీబుగ్గలో వైన్ షాపు అంటే వైన్ తప్ప మిగతావన్నీ దొరికే చోటు. బోర్డు మీద మాత్రం పెద్ద అక్షరాలతో వైన్స్ అనే ఉంటుంది. ఓ డిసెంబరులో వెళ్ళి రెడ్ వైన్ ఉందా అనడిగితే కౌంటర్ దగ్గర కుర్రాడు నన్ను కిందికీ మీదికీ చూసి, "కేకులోకాండీ?" అన్నాడు. కాదు, తాగడానికే అన్నాను. వెనక అరలోంచి ఒకటి తీసి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఆ బాటిల్ సంగతి తర్వాత చెప్తాను, అది వేరే ఏడుపు.

నేను పాతికేళ్ళుగా పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాను. పప్పు చేతిలో పోసుకుంటే డబ్ల్యూ 240నో 320నో చెప్పేస్తాను. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్నదే ఆ అంకె. అంకె చిన్నదైతే గింజ పెద్దదన్నమాట. బోర్మాలో, అంటే పప్పు ఆరబెట్టే వేడి గదిలో, కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన పప్పుని రంగు చూడకుండా వాసనతోనే పట్టుకుంటాను. అందుకే వైన్‌ని గ్లాసులో తిప్పి, వాసన చూసి, నోట్లో ఆడించి మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు నవ్వు రాదు. మేం చేసే పనీ అదే. ఆ ధైర్యంతోనే ఈ రెండేళ్ళలో తాగిన షిరాజ్‌ల గురించి, అంటే షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసే ఎర్ర వైన్‌ల గురించి, రాస్తున్నాను. తాగుడంటే పెద్దగా ఏం లేదు, నెలకో రెండు నెలలకో ఒక బాటిల్, అదీ ఇంట్లో ముగ్గురు నలుగురం కూర్చుని.

మొదటి గ్లాసు నాసిక్‌లో. ఫిబ్రవరిలో మా ఆవిడా నేనూ విశాఖ నుంచి షిరిడీ రైలెక్కాం. బాబా దర్శనం, అక్కణ్ణుంచి నాసిక్, త్ర్యంబకేశ్వరం. ఊరికి వచ్చాక సూలా అనే వైన్ కంపెనీ ద్రాక్ష తోటలు గంగాపూర్ డ్యామ్ వైపున్నాయని తెలిసింది. చూద్దామా అన్నాను. "త్ర్యంబకేశ్వరుడి దర్శనం అయ్యాక మీ ఇష్టం, ముందు మాత్రం కాదు" అని మా ఆవిడ షరతు పెట్టింది. న్యాయమే. దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోంచేసి, ఎండ దిగాక వెళ్ళాం.

తోట చూస్తే మన ద్రాక్ష పందిరిలా ఉండదు. స్తంభాలు పాతి, తీగలు లాగి, వరసల్లో కంచెలాగా కట్టారు. చుట్టుపక్కల రైతుల్లో ఎక్కువమంది వేసేది పండుగా తినే థామ్సన్ సీడ్‌లెస్, అంటే విత్తనాల్లేని ద్రాక్ష. వైన్ ద్రాక్ష వేరు. గైడ్ కుర్రాడు ఒక గుత్తిలోంచి రెండు గింజలు తెంపి ఇచ్చాడు. చిన్నవి, నల్లవి, తోలు మందం, లోపల విత్తనాలు. తియ్యగానే ఉన్నాయి గానీ తోలు నమిలేసరికి నాలుక మీద పట్టేసింది. ఆ పట్టు నాకు బాగా తెలుసు. జీడిమామిడి పండు కొరికినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. టానిన్ అంటారట. జీడిపండులో గొంతు పట్టేదీ అదే జాతి పదార్థం, పప్పు మీద ఎర్ర పొట్టు వగరుకీ అదే కారణం. వైన్ పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసే మాట ఇదేనా అనిపించింది. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు చెప్తాడు.

గింజని వేళ్ళ మధ్య నలిపి చూపించాడు ఆ కుర్రాడు. రసానికి రంగు లేదు. రంగంతా తోలులోనే ఉంది. అందుకే ఎర్ర వైన్‌కి రసం తీసి తోలు పారెయ్యరు, తోలుతో సహా పులియబెడతారు. పులుస్తున్నప్పుడు తోలంతా గ్యాస్‌తో పైకి తేలి గట్టిగా కడుతుంది. దాన్ని కిందికి నొక్కుతూనో, అడుగు రసం పైకి పంపు చేసి దాని మీద పోస్తూనో ఉండాలి. రంగూ వగరూ దిగేది అప్పుడే.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది కత్తిరింపు సంగతి. చలి దేశాల్లో ద్రాక్ష తీగ శీతాకాలం ఆకులు రాల్చి నిద్రపోతుంది. నాసిక్‌లో దానికి ఆ నిద్ర లేదు. వదిలేస్తే ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒకసారి కత్తిరిస్తారు. మొదటిది కొమ్మ కట్టడానికి, రెండోది కాయ కోసం. వానలు వెళ్ళాక పూత, పిందె. చలి రాత్రుల్లో పండడం, జనవరి నుంచి మార్చి లోపల కోత. అంటే మన సంక్రాంతి పంటలాగా అన్నమాట. ఫ్రాన్స్‌లో అయితే కోత సెప్టెంబరుకి. సూలా వాళ్ళు ఇక్కడ మొక్కలు వేసింది 1990ల చివర్లో. అప్పటిదాకా నాసిక్ అంటే గోదావరి, కుంభమేళా, ఉల్లిపాయలూను.

రుచి చూసే గదిలో పోసిన వాటిలో నాకు నచ్చింది దిండోరి రిజర్వ్ షిరాజ్. ఓక్ అనే చెట్టు చెక్కతో చేసిన పీపాల్లో నిలవ ఉంచి తీసినది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నేరేడు పండు. అనుమానమే లేదు, ముగ్గిన నేరేడు, నాలుక ఊదాగా మారేంత. వెనకాల కాస్త పొగ, తడి చెక్క వాసన. నోట్లో పోసుకుంటే వగరు ఉంది గానీ గొంతు పట్టలేదు, జీడిపండుకి ఉప్పు రాసి తిన్నట్టు మెత్తబడి ఉంది. ఇంతలో గైడ్ కుర్రాడు, "నల్ల మిరియాల వాసన వస్తోందా సార్?" అన్నాడు. నాకు రాలేదు. మళ్ళీ చూశాను. రాలేదు. డబ్ల్యూ 240 పట్టుకునే ముక్కుకి మిరియం దొరక్కపోవడం నాకు చిన్నతనంగా అనిపించింది. మా ఆవిడ తాగదు. "ఇలా ఇవ్వండి" అని గ్లాసు తీసుకుని ఒక్కసారి వాసన చూసి, "ఇదేటండీ, మిరియాల చారు కాస్తున్న వంటింట్లో నిలబడ్డట్టుంది!" అంది. కుర్రాడికి తెలుగు రాదు గానీ విషయం అర్థమై నవ్వేశాడు.

తర్వాత తెలిసింది, లోపం నా తెలివిది కాదు, పుట్టుకది. షిరాజ్‌లో మిరియాల వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థం. మన నల్ల మిరియాల్లో ఉన్నదీ సాక్షాత్తూ అదే. ఆస్ట్రేలియా వైన్ పరిశోధకులు 2008లో దాన్ని బయటపెట్టారు. వాళ్ళు పరీక్షించినవాళ్ళలో సుమారు 20 శాతం మందికి ఆ వాసన ఎంత గాఢంగా పెట్టినా తెలియలేదట. ఆ ఐదోవాణ్ణి నేనే. మా ఇంట్లో పాతికేళ్ళుగా చారులో మిరియాలు తక్కువయ్యాయని గొడవ పెట్టుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈ రివ్యూలో మిరియాల మాట వచ్చిన చోటల్లా అది మా ఆవిడ ముక్కు. మిగతాది నాది.

పేరు గురించి ఒక మాట. షిరాజ్ అనేది ఇరాన్‌లో ఊరు. కవులూ గులాబీలూ ఉన్న ఊరు. ఈ ద్రాక్ష అక్కణ్ణుంచే వచ్చిందని చాలాకాలం చెప్పుకున్నారు. 1990ల చివర్లో కాలిఫోర్నియా, ఫ్రాన్స్ పరిశోధకులు డీఎన్ఏ చూస్తే తల్లీ తండ్రీ ఇద్దరూ ఫ్రాన్స్‌వాళ్ళే అని తేలింది: మొందూజ్ బ్లాంష్ అనే తెల్ల ద్రాక్ష, దురేజా అనే నల్ల ద్రాక్ష. ఫ్రాన్స్‌లో దీన్ని సిరా అంటారు, రోన్ నది పైభాగంలో ఏటవాలు కొండల మీద పండిస్తారు. ఆస్ట్రేలియా వెళ్ళాక షిరాజ్ అయింది. మనవాళ్ళూ ఆ పేరే తీసుకున్నారు.

ఆస్ట్రేలియా బాటిల్ మా మేనల్లుడు తెచ్చాడు. అడిలైడ్‌లో చదువుతున్నాడు. సెలవుల్లో చేతిఖర్చులకి బరోసా లోయలో తీగలు కత్తిరించే పనికి వెళ్ళాడు. జూన్, జూలై అక్కడ చలికాలం. వీడియో కాల్ చేసి, "మావయ్యా, ఈ మొక్క చూడు, మన ఇంటి వెనక చింతమొద్దులా లేదూ" అని చూపించాడు. నిజమే. తీగ అనడానికి నోరు రాదు. మెలికలు తిరిగిన మొద్దు, పైన నాలుగు పుల్లలు.

బరోసాలో 1843లో వేసిన షిరాజ్ తోట ఇంకా కాస్తోంది, లాంగ్‌మైల్ వాళ్ళది. జేమ్స్ బస్బీ అనే ఆయన 1832లో యూరప్ నుంచి ఓడలో కొమ్మలు తెప్పించాడు. ఆస్ట్రేలియా తోటల్లో చాలావాటికి మూలం అదే. తర్వాత యూరప్‌లో వేర్లు పీల్చే ఫిల్లోక్సెరా అనే పురుగు వచ్చి తోటలకి తోటలు చచ్చిపోయాయి, వేరే జాతి వేర్ల మీద అంటు కట్టి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకి ఇప్పటిదాకా చేరలేదు. అందుకే ఫ్రాన్స్ మొక్కకి ఫ్రాన్స్‌లో లేనంత ముసలి తోటలు అక్కడున్నాయి, అదీ సొంత వేర్ల మీద. బరోసావాళ్ళు 2009లో వాటికి వయసును బట్టి పేర్లు పెట్టారు. 35 ఏళ్ళు దాటితే ఓల్డ్, 70 దాటితే సర్వైవర్, 100 దాటితే సెంటినేరియన్, 125 దాటితే యాన్సెస్టర్. ముసలి తీగ కాయ తక్కువ కాస్తుంది, కాసినదాంట్లో సారం ఎక్కువ.

ఇది విని నేను కాసేపు మాట్లాడలేదు. ఉద్దానంలో మా నాన్న వేసిన జీడితోట 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకి ఒక్క రాత్రిలో పడుకుంది. తెల్లారి వెళ్తే దారి ఎక్కడుందో తెలియలేదు, కొబ్బరిచెట్లు అడ్డం పడి. తర్వాత బాపట్ల రకం అంటు మొక్కలు వేశాం, ఇప్పుడు కాపుకొచ్చాయి. పాతవాటిలో సర్వైవర్లు పదకొండు.

వాడు తెచ్చింది పెన్‌ఫోల్డ్స్ కంపెనీవాళ్ళ బిన్ 28 అనే షిరాజ్. బరోసాలోని కలిమ్నా తోట ద్రాక్షతో మొదలైన వైన్ గానీ ఇప్పుడు దక్షిణ ఆస్ట్రేలియాలో వేర్వేరు చోట్ల ద్రాక్ష కలుపుతారు. మూత తిప్పగానే నాకు కురిడీ కొబ్బరి వాసన కొట్టింది. భ్రమేమో అనుకున్నాను, ఉద్దానం ముక్కుకి ఎక్కడ చూసినా కొబ్బరే కదా. కాదట. దీన్ని అమెరికన్ ఓక్ పీపాల్లో ఉంచుతారు, ఆ చెక్కలోంచి నిజంగానే కొబ్బరి, వెనీలా లాంటి వాసన దిగుతుంది. కొబ్బరి వెనకాల బాగా మగ్గిన నల్ల పండ్లు, కోకో పొడి. దిండోరి కంటే చిక్కన, బరువు. రెండో గ్లాసు సగంలో నాకు చాలనిపించింది. మా ఆవిడ వాసన చూసి, "మిరియాలున్నాయి గానీ అడుగున ఉన్నాయి, పైన బెల్లం పాకం ఉంది" అంది. సరిగ్గా చెప్పింది. చల్లటి చోట పండిన షిరాజ్‌లో మిరియం ఎక్కువ, వేడి చోట తక్కువ అని మేనల్లుడు తర్వాత చెప్పాడు.

మధ్యలో బెంగళూరు వెళ్ళినప్పుడు నంది కొండల గ్రోవర్ లా రిజర్వ్ ఒకటి తాగాను. అది షిరాజ్‌తో కాబర్నే అనే మరో ద్రాక్ష కలిపినది. బాగుంది, కానీ షిరాజ్ ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అది దారి కాదు.

ఇక ఆ డిసెంబరు బాటిల్. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు తోటదీ కాదు, వైన్ చేసినవాళ్ళదీ కాదు. కార్కు కొంచెం పైకి ఉబ్బి ఉంది, దాని చుట్టూ ఎండిన ఎర్ర చార ఉంది. నేను చూసి కూడా పట్టించుకోలేదు. జీడిపిక్కల బస్తా మీద తడి మచ్చ చూస్తే లారీనే వెనక్కి పంపేవాణ్ణి, ఇక్కడ నోరు మూసుకుని డబ్బు కట్టాను. గ్లాసులో పోస్తే అంచు ఇటుక రంగు. వాసన పాత చింతపండు, ఉడికిన ఖర్జూరం. నేరేడు లేదు, ఏమీ లేదు. రేకుల షెడ్డులో ఒక మే నెల గడిపిన వైన్ అది. 13 డిగ్రీల దగ్గర పడుకోబెట్టాల్సినదాన్ని 40 డిగ్రీల్లో నిలబెడితే ఏ ద్రాక్షయినా ఉడుకుతుంది. మా ఆవిడ దాన్ని పారబోయలేదు, ఇత్తడి గిన్నెలు తోమడానికి పనికొచ్చింది. బాగా మెరిశాయి.

అప్పట్నుంచి ఏసీ ఉన్న షాపులోనే కొంటున్నాను, అంటే విశాఖ వెళ్ళినప్పుడే. కార్కు కంటే తిప్పే మూత ఉన్నదే తీసుకుంటాను. లేబుల్ మీద ఏ ఏడు పంటో చూస్తాను, రెండు మూడేళ్ళది అయితే మేలు. ఇంటికి వచ్చాక ఫ్రిజ్‌లో కూరగాయల అర. రెడ్ వైన్ గది వేడిలో తాగాలని ఎక్కడో చదివి మొదట్లో అలాగే తాగాను. ఆ గది యూరప్‌ది, పలాసది కాదు. మన గదిలో తాగితే సారా ఘాటే ముందు తగులుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి, కాసేపు బయట పెట్టి, 16, 18 డిగ్రీలకి వచ్చాక తాగాలి. నేరేడు అప్పుడే పలుకుతుంది.

తోడుగా ఏం తినాలన్నది మా ఇంట్లో పెద్ద ప్రయోగం. భావనపాడు చేపల పులుసుతో తాగితే నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టుంది, వద్దు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర ముందు ఏ వైనూ నిలబడదు. కారం ఎక్కువైతే ఆల్కహాల్ ఆ మంటని ఇంకా ఎగదోస్తుంది. బాగా కుదిరింది మటన్ వేపుడు, కారం సగం తగ్గించి, మిరియం వేసి, చివర్లో బద్ద జీడిపప్పు నేతిలో దోరగా వేయించి కలిపినది. మాంసం కొవ్వు వగరుని పట్టుకుంటుంది, ఆ వగరు కొవ్వుని కడిగేస్తుంది. అందులో గుండు పప్పు వేసి వృథా చెయ్యకండి, బద్ద చాలు. ఇది వ్యాపారి మాట.

నా డబ్బుతో మళ్ళీ కొనేది దిండోరినే. కిలోన్నర మంచి పప్పు ఖరీదు, నెలకి కాకపోయినా పండక్కి పెట్టొచ్చు. బిన్ 28 ఎవరైనా తెచ్చిస్తే సంతోషంగా తాగుతాను, నలుగురికి పంచి. మేనల్లుడు జనవరిలో వస్తున్నాడు. ఈసారి వేడి బరోసాది వద్దురా, చలి ఎక్కువుండే చోట పండినది, మిరియం ఎక్కువున్నది ఒకటి తీసుకురా అన్నాను. "నీకు వాసనే రాదు కదా, ఎందుకు మావయ్యా?" అన్నాడు. మీ అత్తకి రా అన్నాను.