బెయిల్ డబ్బు కోర్టుకి కట్టాలా, బాండ్ ఏజెంటుకి ఇవ్వాలా, జడ్జి కోసం ఆగాలా: ఏది మేలు?

అమెరికాలో మనవాళ్లెవరినైనా అరెస్టు చేసి కౌంటీ జైల్లో పెట్టారని తెలియగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని గూగుల్‌లో 'బెయిల్ బాండ్స్' అని వెతికి, పైన కనిపించిన నంబరుకి ఫోన్ చేయడం. అవతలివాళ్లు ఏ వేళలోనైనా ఫోన్ ఎత్తుతారు. మర్యాదగా మాట్లాడతారు. 'రెండు వేలు కట్టండి, పొద్దున్నకల్లా ఇంట్లో ఉంటాడు' అంటారు. ఆ టెన్షన్‌లో అంతకంటే కావలసిందేముంది? కానీ ఆ రెండు వేలు ఇక తిరిగి రావు. ఇంకో దారిలో వెళ్తే అసలు కట్టే అవసరమే ఉండకపోవచ్చు కూడా. అందుకే ఎవరు అడిగినా ముందు ఒక్క గంట ఆగమంటాను, ఉన్న దారులన్నీ పక్కపక్కన పెట్టి చూడమంటాను.

ముందుగా జైలుకి నేరుగా మీరే ఫోన్ చేయండి, లేదా కౌంటీ షెరిఫ్ వెబ్‌సైట్లో ఖైదీల జాబితాలో పేరు వెతకండి. బుకింగ్ నంబరు, పెట్టిన కేసు, బెయిల్ మొత్తం, జడ్జి ముందుకి ఎప్పుడు తీసుకెళ్తారు, ఇంకెవరైనా 'హోల్డ్' (ఇతన్ని వదలొద్దని వేరే శాఖ చేసే అభ్యర్థన) పెట్టారా అన్న అయిదు సంగతులు రాసుకోండి. మీ అబ్బాయి జైల్లో ఉన్నాడు, బెయిల్‌కి డబ్బు పంపండి అంటూ తల్లిదండ్రుల్ని భయపెట్టి దోచుకునే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి, మీకు వచ్చిన ఫోన్‌ని బట్టి మాత్రం పైసా పంపొద్దు.

తర్వాత చూడాల్సింది ఏ రాష్ట్రం అన్నది. ఇల్లినాయిలో 2023 సెప్టెంబరు 18 నుంచి డబ్బు బెయిలే లేదు. జడ్జి వదిలేస్తాడు, లేదా విచారణ జరిపి లోపలే ఉంచుతాడు. న్యూజెర్సీలో 2017 నుంచి డబ్బు అడగడం బాగా అరుదైపోయింది. కెంటకీ 1976లోనే బాండ్ వ్యాపారాన్ని, అంటే ఫీజు తీసుకుని బెయిల్‌కి హామీ ఇచ్చే వ్యాపారాన్ని, నిషేధించింది, విస్కాన్సిన్, ఆరెగాన్‌లలో కూడా అది లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, ఫ్లోరిడాలలో మాత్రం ఆ వ్యాపారం బాగానే నడుస్తోంది. కింద చెప్పేదంతా ముఖ్యంగా అలాంటి రాష్ట్రాల గురించి.

బెయిల్ 20,000 డాలర్లు అనుకుందాం. కోర్టుకే నేరుగా కడితే మొత్తం 20,000 కట్టాలి. వాయిదాలన్నిటికీ హాజరైతే కేసు ముగిశాక ఆ డబ్బు తిరిగొస్తుంది. శిక్ష పడినా వస్తుంది, ఎందుకంటే అది జరిమానా కాదు, పిలిచినప్పుడల్లా వస్తానన్న హామీ. కొన్నిచోట్ల కోతలుంటాయి. న్యూయార్క్‌లో దోషిగా తేలితే 3 శాతం పట్టుకుంటారు. ఫ్లోరిడాలో నిందితుడు బాకీ ఉన్న కోర్టు ఖర్చుల్ని, జరిమానాల్ని అందులోంచి మినహాయించుకుంటారు. డబ్బు కూడా కేసు ముగిసిన మర్నాడే చేతికి రాదు, వారాలు పడుతుంది.

బాండ్ ఏజెంట్ దగ్గరికి వెళ్తే సాధారణంగా 10 శాతం, అంటే 2,000 ఇస్తారు. అతను ఒక ఇన్సూరెన్స్ కంపెనీ అండతో, మనిషి రాకపోతే మొత్తం 20,000 మేం కడతామని కోర్టుకి రాసిస్తాడు. ఆ 2,000 అతని ఫీజు. వారం తిరక్కుండా కేసు కొట్టేసినా, అసలు తప్పు మనిషిని పట్టుకున్నామని పోలీసులే ఒప్పుకున్నా ఆ ఫీజు తిరిగి రాదు. రేటు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూయార్క్‌లో మొదటి 3,000 మీద 10 శాతం, తర్వాతి 7,000 మీద 8, ఆపైన 6 శాతం అని చట్టం గరిష్ఠ పరిమితి పెట్టింది. కాబట్టి అక్కడ ఇదే బెయిల్‌కి 1,460 మించకూడదు.

ఈ రెండిట్లో చేతిలో డబ్బుంటే కోర్టుకి కట్టడమే మేలు. అందులో నాకు సందేహం లేదు. చిక్కల్లా అప్పు తెచ్చి కట్టాల్సి వచ్చినప్పుడు. క్రెడిట్ కార్డు మీద 24 శాతం వడ్డీకి 20,000 తీస్తే నెలకి 400 డాలర్ల వడ్డీ పడుతుంది. అయిదు నెలలు గడిచేసరికి బాండ్ ఏజెంటుకి ఇచ్చే 2,000 వడ్డీకే పోతుంది. ఫెలనీ (పెద్ద నేరం) కేసు అయిదు నెలల్లో తేలడం అరుదు. అంటే కార్డు గీకి కట్టేకన్నా ఏజెంటే చవక. అదే ఇంటి మీద 9 శాతానికి దొరికే లైన్ ఆఫ్ క్రెడిట్ అయితే నెలకి 150 చొప్పున 13 నెలల దాకా మీదే లాభం. స్నేహితులు వడ్డీ లేకుండా ఇస్తే లెక్కే అక్కర్లేదు, కోర్టుకి కట్టేయండి.

స్నేహితుల డబ్బు గురించి ఒక మాట చెప్పాలి. నలుగురు తలా అయిదు వేలు వేసి ఒకరి చేత కట్టించారనుకోండి. జైలు కౌంటరులో ఇచ్చే రసీదు మీద ఎవరి పేరుంటే తర్వాత చెక్కు వాళ్లకే, ఆ రసీదు మీదున్న అడ్రసుకే వస్తుంది. మధ్యలో ఇల్లు మారి కోర్టుకి చెప్పకపోతే ఆ చెక్కు పాత అడ్రసుకి పోతుంది. నిందితుడి పేరు మీదే కట్టేస్తే అతని జరిమానాలకి సర్దుకునే వీలు కోర్టుకి ఇంకాస్త ఎక్కువ. కాబట్టి ఎవరు ఎంత ఇచ్చారో అదే రాత్రి ఒక మెసేజ్‌లోనైనా రాసి నలుగురికీ పంపుకోండి. రసీదు ఫొటో తీసి దాచుకోండి. చాలా జైళ్లు పర్సనల్ చెక్కులు తీసుకోవు, నగదో క్యాషియర్స్ చెక్కో అడుగుతాయి. బ్యాంకుకి పరిగెత్తే ముందు ఆ సంగతి ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి.

ఒహాయోలో ఇంకో సదుపాయం ఉంది, కొలంబస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. అక్కడ జడ్జి '10 శాతం బాండ్' అని రాస్తే ఆ 10 శాతం కోర్టుకే కట్టొచ్చు. 20,000 బెయిల్‌కి 2,000 కడితే, కేసు అయ్యాక అందులో 10 శాతం కోర్టు ఉంచుకుని 1,800 వెనక్కి ఇవ్వడం అక్కడి పద్ధతి. అదే 2,000 ఏజెంటుకి ఇస్తే మొత్తం పోయినట్టే. ఉత్తర్వులో ఏముందో చదవకుండా ఏజెంటుకి ఫోన్ చేసిన కుటుంబం అక్కడికక్కడే 1,800 పోగొట్టుకుంటుంది.

ఏజెంటుతో పెట్టుకునే ఒప్పందంలో ఫీజు కన్నా బరువైనది కో-సైనర్ (పూచీగా సంతకం పెట్టేవాడు) సంతకం. మనవాడే కదా, స్నేహితుడి తమ్ముడే కదా అని మొహమాటానికి పెట్టే సంతకం అది. మనిషి వాయిదాకి రాకపోతే మొత్తం 20,000కి, అతన్ని వెతికి పట్టుకోవడానికి అయ్యే ఖర్చుకి కూడా కో-సైనరే బాధ్యుడు. కాలిఫోర్నియాలో మనిషిని వెనక్కి తేవడానికి ఏజెంటుకి దాదాపు 6 నెలల గడువు ఉంటుంది, ఆ తర్వాత కోర్టు డబ్బు అడుగుతుంది. ఇల్లో కారో తాకట్టు పెట్టి ఉంటే దాని మీదికి వస్తారు. '1 శాతం కడితే చాలు' అన్న ప్రకటనలు చూసే ఉంటారు. మిగతా 9 శాతం మాఫీ కాదు, అది వాయిదాల అప్పు. కేసు కొట్టేసినా ఆ అప్పు కో-సైనర్ నెత్తినే ఉంటుంది. ఏడాది దాటితే మళ్లీ ప్రీమియం కట్టాలన్న షరతు కూడా కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది. సంతకానికి ముందు అది ఉందో లేదో సూటిగా అడగండి.

ఇక మూడో దారి, చాలామంది లెక్కలోకే తీసుకోనిది: జడ్జి ముందుకి వెళ్లేదాకా ఆగడం. బుకింగ్ అప్పుడు చెప్పే బెయిల్ మొత్తం చాలాచోట్ల ఒక పట్టికలోంచి తీసిన అంకె. మనిషెవరో, ఉద్యోగం ఉందో లేదో ఆ పట్టికకి తెలియదు. మొదటి హాజరులో జడ్జి దాన్ని తగ్గించొచ్చు, సొంత పూచీకత్తు మీద పైసా లేకుండా వదిలేయొచ్చు. ఫ్లోరిడాలో అరెస్టయిన 24 గంటల్లోపు, టెక్సస్‌లో 48 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కాలిఫోర్నియాలోనూ 48 గంటలే, కాకపోతే ఆదివారాలు, సెలవులు లెక్కలోకి రావు. అందువల్ల శుక్రవారం రాత్రి అరెస్టయితే మంగళవారం దాకా సాగొచ్చు. డబ్బు కట్టలేరన్న ఒక్క కారణంతో మనిషిని లోపల ఉంచకూడదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. కాబట్టి అక్కడ జడ్జి మీ స్తోమత చూడాల్సిందే.

అయితే ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. జడ్జి చూసేది ఈ మనిషి పారిపోతాడా, బయటికొస్తే ఎవరికైనా ప్రమాదమా అన్నది. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో 'వేరే దేశస్థుడు, విమానం ఎక్కేస్తాడు' అని ప్రాసిక్యూటర్ అనే అవకాశం ఎక్కువ. దానికి జవాబు కాగితాల్లో ఉండాలి. కంపెనీ లెటర్, ఈమధ్య పే స్టబ్‌లు, ఇంటి లీజు లేదా మార్టిగేజ్ స్టేట్‌మెంట్, పిల్లల స్కూలు కాగితం ఒక ఫైల్లో పెట్టి పొద్దున్నే లాయరుకి అందించండి. పాస్‌పోర్టు అప్పగించడానికి సిద్ధమని ముందే చెప్పించండి. కోర్టు హాల్లో కుటుంబ సభ్యులు, స్నేహితులు కూర్చుని ఉంటే లాయరు వాళ్లని చూపించి మాట్లాడగలడు. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే పబ్లిక్ డిఫెండర్, అంటే ప్రభుత్వం ఇచ్చే లాయరు, ఉంటారు. రోజూ అదే కోర్టులో అదే జడ్జి ముందు నిలబడేవాళ్లు వాళ్లు, వాళ్లని తక్కువగా చూడొద్దు.

ఆగడానికి ఉన్న ఖర్చు కూడా నిజమే. ఇన్సులిన్ మీద ఉన్న మనిషికి, మానసికంగా కుంగిపోయే స్థితిలో ఉన్నవాడికి జైల్లో ఒక్క రాత్రి కూడా ప్రమాదం కావచ్చు. సోమవారం డ్యూటీకి వెళ్లకపోతే ఉద్యోగం పోతుందనుకుంటే మూడు రాత్రులు ఆగమని నేను చెప్పలేను. అలాంటప్పుడు ఏజెంట్ ఫీజు పెట్టడంలో తప్పేమీ లేదు. లోపల ఉన్నంతసేపూ ఫోన్లో కేసు సంగతి మాట్లాడొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. జైలు ఫోన్లు రికార్డవుతాయి, తెలుగులో మాట్లాడినా అనువాదం చేయించుకుంటారు. 'ఏం జరిగింది' అని అడగొద్దు, 'తిన్నావా, మందులు ఇచ్చారా' అని అడగండి.

గృహహింస కేసుల్లో ఆగక తప్పని పరిస్థితి చాలాచోట్ల ఉంటుంది, జడ్జి చూసేదాకా వదలరు. వదిలినా ఫిర్యాదు చేసినవాళ్లని కలవకూడదు, ఇంటికి వెళ్లకూడదన్న ఉత్తర్వు ఉంటుంది. 'సర్దిచెప్పుకుంటాం' అని భార్యకి ఒక్క మెసేజ్ పెట్టినా, పెద్దల చేత ఫోన్ చేయించినా ఉత్తర్వు ఉల్లంఘించినట్టే. బెయిల్ రద్దవుతుంది, కట్టిన ఫీజు పోతుంది, కొత్త కేసు పడుతుంది. బెయిల్ డబ్బు కంటే ముందు అతను ఎక్కడ ఉండాలో ఏర్పాటు చేయండి.

వీసా మీద గానీ, వీసా గడువు దాటి గానీ ఉన్నవాళ్లకి డబ్బు కట్టే ముందే తేల్చుకోవాల్సింది ఐస్ (ICE, ఇమ్మిగ్రేషన్ అధికారుల శాఖ) డిటైనర్, అంటే మనిషిని తమకి అప్పగించమని వాళ్లు జైలుకి పంపే కాగితం, ఉందా అన్నది. ఉంటే బెయిల్ కట్టిన క్షణంలో అతను ఇంటికి రాకపోవచ్చు, ఇమ్మిగ్రేషన్ అధికారుల చేతికి వెళ్లొచ్చు. ఏజెంటుకి ఇచ్చిన 2,000 వెళ్లిపోతుంది, మనిషీ దొరకడు. ఇమ్మిగ్రేషన్ బాండ్ వేరే వ్యవహారం. జడ్జి బాండ్ ఇస్తే కనీసం 1,500 డాలర్లు, అది ప్రభుత్వానికి పూర్తిగా కట్టాలి, షరతులన్నీ పాటిస్తే తిరిగొస్తుంది. కాబట్టి డిటైనర్ ఉన్నప్పుడు మొదటి ఫోన్ ఇమ్మిగ్రేషన్ లాయరుకే. భారత కాన్సులేటుకి తెలియజేయమని అడిగే హక్కు అరెస్టయిన భారత పౌరుడికి ఉంది, కానీ అతను అడిగితేనే తెలియజేస్తారు.

ఇల్లు నేరుగా కోర్టుకి హామీగా పెట్టే ప్రాపర్టీ బాండ్ కూడా కొన్ని రాష్ట్రాల్లో ఉంది. కాలిఫోర్నియాలో బెయిల్‌కి రెట్టింపు ఈక్విటీ (ఇంటి విలువలో అప్పు పోగా మిగిలేది) ఇంట్లో ఉండాలి, విలువ కట్టించాలి, టైటిల్ కాగితాలు తేవాలి. వారాలు పట్టే పని. బెయిల్ లక్షల్లో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లడం అనవసరం.

ఎవరైనా నన్ను సూటిగా అడిగితే చెప్పేది ఇది. చిన్న కేసు, మొదటిసారి, కోర్టు రేపే ఉందంటే ఆగండి, ఆ డబ్బుతో మంచి లాయరుని పెట్టండి. పొదుపులో డబ్బుండి, డిటైనర్ లేదని తేలితే కోర్టుకే కట్టండి. బెయిల్ మీ స్తోమతకి మించి ఉండి, జడ్జి కూడా తగ్గించనన్నాక మాత్రమే ఏజెంట్ దగ్గరికి వెళ్లండి, అతని లైసెన్సు రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖలోనో కౌంటీ బెయిల్ బాండ్ బోర్డులోనో సరిచూసుకుని మరీ వెళ్లండి. తిరిగిరాని రెండు వేలు ఎక్కడో ఒకచోటే పెట్టగలిగితే నా ఓటు లాయరుకే, ఎందుకంటే ఒప్పుకునే నేరాన్ని బట్టే తర్వాత వీసా, గ్రీన్‌కార్డు ఉంటాయా పోతాయా అన్నది తేలుతుంది. ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంటే క్లయింటుకి ముందే చెప్పాల్సిన బాధ్యత లాయరుదని అమెరికా సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. ఆ ప్రశ్న మీరే అడిగి జవాబు రాతలో తీసుకోండి.

ఏ దారిలో వెళ్లినా కేసు ముగిసిన రోజే క్లర్కు దగ్గర బాండ్ విడుదల అయినట్టు ఉత్తర్వు కాపీ తీసుకోండి. కోర్టుకి కట్టి ఉంటే ఆ కాపీతో చెక్కు ఎప్పుడు పంపుతారో అడగండి. ఏజెంటు ద్వారా వెళ్లి ఇల్లు తాకట్టు పెట్టి ఉంటే, అదే కాపీ అతనికి పంపి లీన్ (ఇంటి మీద అతనికున్న తాకట్టు హక్కు) తీసేసిన కాగితం అడగండి, అది కౌంటీ రికార్డర్ ఆఫీసులో నమోదైందో లేదో మీరే వెళ్లి చూసుకోండి. అది నమోదు కాకపోతే కేసు ముగిసిన ఏళ్లకి ఇల్లు అమ్మబోయినప్పుడో, రీఫైనాన్స్ చేయబోయినప్పుడో టైటిల్ కంపెనీవాళ్లు ఆపేస్తారు.