వియ్యపురాలి మూలపురుషుడి పొలం చూడ్డానికి క్యూబెక్ వెళ్ళాం

మా అల్లుడి వాళ్ళ పెద్దలు కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలో రైతులు. పొలం అందరికీ చాలక, బట్టల మిల్లుల్లో పని కోసం న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌కి వచ్చేశారు. 1840-1930 మధ్య క్యూబెక్ నుంచి అలా సుమారు 9 లక్షల మంది అమెరికాకి వలస వచ్చారు. మొదటివాడు ఎక్కడ దున్నాడో చూడాలని మా వియ్యపురాలికి ఎప్పట్నుంచో కోరిక. అమ్మాయి దగ్గరే ఉన్నాను కాబట్టి నేనూ కారెక్కాను. ఇండియా పాస్‌పోర్ట్‌తో వచ్చినవాళ్ళకి అమెరికా విజిటర్ వీసా సరిపోదు, కెనడాది విడిగా తీసుకోవాలి.

సగం పని ఇంట్లోనే అయిపోతుంది. అక్కడి చర్చి రిజిస్టర్లలో పెళ్ళి నమోదు దొరికితే చాలు, వధూవరుల తల్లిదండ్రుల పేర్లు సాధారణంగా అందులోనే ఉంటాయి. ఆడవాళ్ళవి పుట్టింటి పేర్లే రాశారు కాబట్టి తల్లి వైపూ వెతుక్కోవచ్చు. మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళ పీఆర్‌డీహెచ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఈ చర్చి నమోదులు 1849 వరకు ఉన్నాయి. డబ్బు కట్టాలి, కానీ దండగ కాదు. చిక్కల్లా ఇంటిపేరుకి బదులు వాడుకున్న మారుపేర్లతోనే. అన్న ఒక పేరుతో, తమ్ముడు ఇంకో పేరుతో కనిపిస్తారు. రెండింటితోనూ వెతకాలి.

క్యూబెక్ సిటీలో లావాల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి తప్పకుండా వెళ్ళండి. ప్రవేశం ఉచితం. నోటరీలు రాసిన పెళ్ళి ఒప్పందాలు, భూమి పత్రాలు, చనిపోయాక రాసే ఆస్తి జాబితాలు అక్కడున్నాయి. 1681 జనాభా లెక్కల్లో ఇంటింటికీ తుపాకులెన్ని, పశువులెన్ని, సాగులో ఉన్న భూమెంత అని రాశారు. మా వాడికి ఒక తుపాకి, నాలుగు పశువులు! మా వియ్యపురాలు ఆ వరుస మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. పాత ఫ్రెంచ్ రాత మాత్రం బ్రహ్మరాత. సిబ్బంది విసుక్కోకుండా చదివి చెప్పారు. మేం డబ్బులిచ్చి పెట్టుకున్న గైడ్ అయితే ఆన్‌లైన్‌లో ఉన్న వంశవృక్షాన్నే ప్రింట్ తీసి చేతిలో పెట్టాడు.

అసలు ఆనందం ఆర్లియాన్స్ దీవిలో. ఊరికి దగ్గరే, 1935లో కట్టిన వంతెన దాటితే వచ్చేస్తుంది. కారు లేకపోతే మాత్రం కష్టం. సాంత్ ఫామీ అనే పల్లెలో, మూడు గంటగోపురాల చర్చి పక్కనే, మేజోన్ దె నోజయ్యూ అనే చిన్న కేంద్రం ఉంది. దీవిలో మొదట స్థిరపడ్డ కుటుంబాల వివరాలు అక్కడ దొరుకుతాయి. పేరు చెప్పగానే అక్కడి ఆవిడ పాత మ్యాప్ పరిచి, మా వాళ్ళ పొలం చెక్క ఎక్కడుందో చూపించారు. అప్పట్లో ప్రతివాడికీ పడవ రేవు కావాలి కాబట్టి, భూమిని నదీతీరం నుంచి లోపలికి సన్నటి పొడవాటి చెక్కలుగా పంచారు. ఇప్పటికీ గట్లు అలాగే ఉన్నాయి. ఆ చెక్కలో ఇప్పుడు బంగాళదుంపలు వేస్తున్నారు. చెప్పుల్లో మట్టి పడ్డా పట్టించుకోకుండా మా వియ్యపురాలు నది దాకా నడిచింది. నేను గట్టు మీదే కూలబడ్డాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు.

దగ్గర్లోనే 1730 ప్రాంతంలో కట్టిన డ్రువాన్ ఇల్లు ఉంది. ఆధునిక హంగులేవీ పెట్టకుండా అలాగే ఉంచారు. అప్పటి రైతు ఎలా బతికాడో తెలియాలంటే పెద్ద మ్యూజియాల కంటే ఇదే నయం.

బస క్యూబెక్ సిటీలో పాత కోటగోడల లోపల వద్దు. రేట్లు మండిపోతున్నాయి, పార్కింగ్ టెన్షన్ వేరే. దీవిలో ఇళ్ళల్లో అద్దెకిచ్చే గదులు చవక, టిఫిన్ కూడా పెడతారు. శాకాహారులు జాగ్రత్త: బఠానీ సూప్‌లో పంది మాంసం వేస్తారు, పుటీన్ (చీజు, గ్రేవీ వేసిన ఆలూ ఫ్రైస్) గ్రేవీ కూడా మాంసందే అయ్యుంటుంది. నేను పులిహోర పొడి, ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్ళి బతికిపోయాను. చలికాలంలో దీవిలో చాలావరకు మూసేస్తారు, జూన్ నుంచి సెప్టెంబర్ లోపు వెళ్ళండి. స్ట్రాబెర్రీలు కావాలంటే జూలై మంచిది.