‘ఇగ్నైట్’ దగ్గర తడబడిన నిఘంటువు ఆప్

తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పేటప్పుడు పనికివస్తుందని మూడు నెలల కిందట ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఆప్‌కు ఏడాది చందా కట్టాను. ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది, ఉచ్చారణ స్పష్టంగా వినిపిస్తుంది. నిప్పంటించడాన్ని చెప్పే ‘ఇగ్నైట్’ (ignite) అన్న ఇంగ్లీషు క్రియలో ఊనిక, అంటే ఒత్తి పలకడం, ‘నైట్’ మీద పడుతుందని పిల్లలు వినగానే పట్టుకున్నారు. అంతవరకు పేచీ లేదు.

చిక్కంతా అర్థం దగ్గర వచ్చింది. ‘ఇగ్నైట్’, ‘కిండిల్’, ‘లైట్’ మూడింటికీ ఆ ఆప్ ఇచ్చిన మాట ఒక్కటే: ‘వెలిగించు’. దీపం వెలిగించి, చుట్ట ముట్టించి, పొయ్యి రాజేసి, చెత్తకుప్పను తగలబెట్టే మనకు ఒక్క క్రియతో సరిపెట్టడం పిసినారితనం. మా అమ్మమ్మ తెల్లవారుజామున పొయ్యిలోని నివురు పక్కకు తోసి, మిగిలిన కణికల మీద పిడక ముక్కలు పేర్చి, గొట్టంతో ఊది ఊది మంట తెప్పించేది. ‘కిండిల్’లో ఉన్నది ఆ ఓపికే, దానికి ‘రాజేయు’ అన్న మాట చక్కగా అతుకుతుంది. ‘ఇగ్నైట్’ మాత్రం నిప్పు అంటుకునే క్షణాన్ని పట్టి చెబుతుంది: ఇంజనులో స్పార్క్ ప్లగ్ నుంచి రవ్వ ఎగరగానే, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి భగ్గుమంటుంది. బండి తాళం తిప్పే చోటును ఇగ్నిషన్ అనడం అందుకే.

ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. ‘ఇగ్నైట్’ ఇంగ్లీషులో రూపం మారకుండానే ‘అంటించు’, ‘అంటుకొను’ అనే రెండు పనులూ చేస్తుంది. తెలుగులో వాటికి వేర్వేరు రూపాలు ఉన్నాయి కనుక నిఘంటువు రెండింటినీ చూపితీరాలి. ఈ ఆప్‌లో అగ్గిపుల్ల అంటుకుందని చెప్పే ఉదాహరణ వాక్యం ‘మ్యాచ్ వెలిగించింది’ అని తెలుగులోకి దిగింది. అది చదివి ఒక పిల్లవాడు క్రికెట్ గురించా అని అడిగాడు, వాడి తప్పేమీ లేదు. మరో ఉదాహరణలో వివాదాన్ని రగిలించడం కాస్తా ‘వివాదాన్ని వెలిగించడం’ అయింది.

లాటిన్ ‘ఇగ్నిస్’, మన ‘అగ్ని’ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని ఒక్క వాక్యం చేర్చి ఉంటే పిల్లలకు ఈ క్రియ ఇట్టే గుర్తుండిపోయేది. మాటల పుట్టుక చెప్పే భాగమే ఆప్‌లో లేదు. తప్పులు రాసి పంపితే యంత్రం పంపిన ధన్యవాదాలు తప్ప సవరణ రాలేదు. గడువు తీరాక మళ్లీ చందా కట్టను. ఉచితంగా వచ్చే ఉచ్చారణ భాగాన్ని మాత్రం ఫోనులో ఉంచుకుంటాను.