పద్మిని రిమ్ములకు ఏది మేలు: పౌడర్ కోటింగా, పీయూ పెయింటా?

నా ప్రీమియర్ పద్మిని కారు 1984 మోడల్. పోయిన ఏడాది వానాకాలానికి ముందు స్టెప్నీతో కలిపి ఐదు రిమ్ములూ విప్పించి, తుప్పు వదిలించి, పీయూ (పాలీయూరిథేన్) పెయింట్ వేయించాను. అప్పటి నుంచీ పాత కార్లున్న మిత్రులు ఎక్కడ కలిసినా అదే అడుగుతున్నారు: "పౌడర్ కోటింగ్ చేయించమంటారా, పెయింటే కొట్టించమంటారా?" అంతకు మూడేళ్ల ముందు ఇవే రిమ్ములకు పౌడర్ కోటింగ్ చేయించాను. రెండూ నా కారు మీదే చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

అన్నిటికన్నా ముందు రిమ్ము పనికొస్తుందో లేదో చూసుకోండి. పద్మిని తయారీ ఆగి ఇరవై ఏళ్లు దాటింది, అంబాసిడర్ 2014లో ఆగిపోయింది. ముంబై రోడ్ల మీద చివరి పద్మిని ట్యాక్సీకి కూడా 2023 అక్టోబరుతో గడువు తీరింది. కొత్త రిమ్ము దొరకడం కష్టం కాబట్టి ఉన్నదాన్ని ఎలాగైనా కాపాడుకోవాలనిపిస్తుంది. అయినా సరే, బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు కనిపించినా, టైరు కూర్చునే అంచు తుప్పు తిని పల్చబడినా ఆ రిమ్మును పక్కన పెట్టేయండి. పోయిన బలాన్ని ఏ రంగూ తిరిగి తేలేదు.

ఇక తుప్పు వదిలించడం. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి రుద్దితే పైన మెరుస్తుంది కానీ గుంటల్లో తుప్పు అలాగే ఉంటుంది. నాలుగు నెలల్లో కొత్త రంగు కింద నుంచి బొబ్బలు లేస్తాయి. ఏ రంగు వేయించినా సరే, శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు కొట్టి తుప్పు రాల్చడం) చేయించాల్సిందే. అది కూడా బయటికి కనిపించే ముఖానికి మాత్రమే కాదు, టైరు లోపల దాగి ఉండే గాడికి కూడా. ఈ కార్లవి ట్యూబు టైర్లు కదా. వాల్వు రంధ్రం నుంచి దిగిన నీళ్లు ఆ గాడిలో నిలుస్తాయి. అక్కడ లేచిన పొలుసులు ట్యూబును గీరి గీరి చివరికి పంక్చర్ చేస్తాయి. కారణం తెలియక ట్యూబులు మార్చుకుంటూ పోయేవాళ్లను చాలామందిని చూశాను. బ్లాస్టింగ్ అయిన ఇనుము పచ్చి గాయం లాంటిది. మన కోస్తా ఉక్కపోతలో రాత్రంతా వదిలేస్తే పొద్దునకు ఎర్రబడుతుంది. ఉదయం బ్లాస్టింగ్ అయితే సాయంత్రం లోపు ప్రైమర్, అంటే రంగు కింద వేసే తొలి పూత, పడాలి.

ఇప్పటిదాకా చెప్పింది రెండింటికీ ఒకటే. తేడా ఇక్కడి నుంచి.

పౌడర్ కోటింగ్‌లో పొడికి విద్యుత్ చార్జ్ ఇచ్చి రిమ్ము మీద చల్లి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల వేడి దగ్గర కరిగించి గట్టిపరుస్తారు. చల్లారాక మరునాడే టైరు ఎక్కించుకోవచ్చు. కారడాలు ఉండవు, రంగు నిండుగా ఉంటుంది, పెట్రోలు పడినా చెక్కుచెదరదు. మా స్నేహితుడి అంబాసిడర్ రిమ్ములకు చేయించి ఐదేళ్లు. ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. ఆయన కారు ఆదివారం పూట, అదీ వాన లేనప్పుడు మాత్రమే బయటికి వస్తుంది.

నాది వారానికి నాలుగు రోజులు తిరిగే కారు. ఆ మూడేళ్లలో నాలుగు పంక్చర్లు పడ్డాయి. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే. ట్యూబు టైరుకు పంక్చర్ పడితే టైరు విప్పక తప్పదు. పంక్చర్ షాపు అబ్బాయి ఎంత జాగ్రత్తగా చేసినా రెండు ఇనుప లీవర్లు పెట్టి రిమ్ము అంచు మీద ఒత్తి లేపాల్సిందే. ఆ అంచు దగ్గర పౌడర్ పొర పెచ్చుగా లేస్తుంది. పైకి చూస్తే గోరంత దెబ్బే. కానీ ఒక చోట పొర తెగిందంటే నీళ్లు దాని కిందికి పాకుతాయి. పొర గట్టిది కాబట్టి పైన ఏమీ తెలియదు, లోపల తుప్పు నడుస్తూనే ఉంటుంది. నా రెండో రిమ్ము మీద వేలితో గిల్లితే అరచేయంత ముక్క ఊడొచ్చింది. దానికి ప్యాచ్ వేసే దారి లేదు. మొత్తం తీసి మళ్లీ చేయించాలి. తీయడమూ తేలిక కాదు. మామూలు పెయింట్ రిమూవర్‌కు అది సరిగా లొంగదు, బ్లాస్టింగ్‌కు పెట్టినా ఆలస్యంగా వదులుతుంది.

ఇంకో ఇబ్బంది మధ్యలో బోల్టులు బిగించే ప్లేటూ, చుట్టూ ఉండే రిమ్మూ కలిసే మూలల్లో ఉంది. చార్జ్ ఉన్న పొడి అంచులకూ బయటి ముఖాలకూ బాగా పడుతుంది, లోతైన మూలల్లోకి సరిగా వెళ్లదు. తుప్పు మొదలయ్యేది ఆ మూలల్లోనే. పైగా పాత రిమ్ముల గుంటలకు మామూలు పుట్టీ పెడితే ఓవెన్ వేడికి నిలవదు. గుంటలు ఎక్కువగా ఉన్న రిమ్ముకు పౌడర్ వేయిస్తే అవి అలాగే కనిపిస్తాయి.

ఈసారి ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, గుంటలకు పుట్టీ, మళ్లీ ప్రైమర్, ఆపైన వెండి రంగు పీయూ కొట్టించాను. ద్రవం కాబట్టి ప్రైమర్ ఆ సందుల్లోకి తనంతట తానే పాకింది. వేయించాక ఇప్పటికి రెండు పంక్చర్లు పడ్డాయి. రెండుసార్లూ లీవరు దెబ్బ తగిలింది. ఆ రోజు సాయంత్రమే ఎమరీ పేపర్‌తో రుద్ది, కొంచెం ప్రైమర్, మిగిల్చి పెట్టుకున్న పెయింట్ చిన్న బ్రష్‌తో అద్దాను. అరగంట పని. దగ్గరికి వెళ్లి వెతికితే తప్ప మరక కనిపించదు. పెయింట్ కలిపించేటప్పుడే వంద మిల్లీలీటర్లు, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ విడిగా, అడిగి తెచ్చుకోండి.

పీయూలో భయపడాల్సింది దాని హార్డెనర్‌కే. అందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి ఊపిరితిత్తులకు పడకపోతే ఆస్తమా జీవితాంతం వదలకపోవచ్చు. మామూలు గుడ్డ మాస్కు ఏమాత్రం చాలదు. ఇంటి గ్యారేజీలో స్ప్రే గన్ను పట్టుకుని మీరే కొట్టే ఆలోచన మాత్రం వద్దు, పెయింట్ కొట్టే ప్రత్యేక గది (బూత్) ఉన్న షెడ్డుకే ఇవ్వండి.

మిగతావాటి సంగతి రెండు ముక్కల్లో. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద ఎనామెల్ పెయింట్ స్టెప్నీకి చాలు. స్ప్రే డబ్బా ఒక సీజన్ గట్టెక్కిస్తుంది. క్రోమ్ ప్లేటింగ్ తుప్పు తిన్న రిమ్ముకు వద్దు, ప్రతి గుంటా అద్దంలో చూపించినట్టు కనిపిస్తుంది.

మీ రిమ్ముల మీద గుంటలు పెద్దగా లేకపోతే, కారు తక్కువ తిరిగితే, పౌడర్ కోటింగ్ నిశ్చింతగా చేయించండి. కింద జింకు ప్రైమర్ పొర కూడా వేయమని అడగండి. రోజూ తిప్పే కారైతే నా ఓటు పీయూకే.

ఏది చేయించినా బోల్టు కూర్చునే గుంతలకు రంగు పడకుండా మాస్కింగ్ చేయించాలి. అక్కడ మందంగా పొర ఉంటే బిగించాక నలిగి, బోల్టు వదులవుతుంది. యాభై కిలోమీటర్లు తిరిగాక స్పానర్ పెట్టి మళ్లీ బిగించండి. పీయూ అయితే కనీసం వారం ఆరనిచ్చాకే టైర్లు ఎక్కించండి. పైకి రెండో రోజుకే ఆరినట్టుంటుంది కానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, మొదటి లీవరు దెబ్బకే గాడి పడుతుంది. ఆ వారం నా కారు ఇటుకల మీదే ఉంది.