గాలిదుమారం మీద మూడు వేసవుల కాపలా: డాబా కెమెరా, ఉపగ్రహ చిత్రాలతో నా అనుభవం

మాది గోదారి పాయ గౌతమికి ఎడమ గట్టున, ఆలమూరు మండలంలో ఒక ఊరు. 2022 ఏప్రిల్ ఆఖర్లో దాళ్వా (రెండో పంట) వడ్లు ఏటిగట్టు రోడ్డు మీద ఆరబోసుకున్నాం. మధ్యాహ్నం దాకా మాడ్చేసే ఎండ. నాలుగు దాటాక గోదారి ఇసుక తిన్నెల మీంచి గోధుమరంగు తెర ఒకటి లేచింది. చూస్తుండగానే మీదికొచ్చేసింది. కళ్లనిండా ఇసుక. పట్టుకున్న బరకాన్ని గాలి చేతుల్లోంచి లాక్కుపోయింది. దాని వెనకాలే వాన. కొనుగోలుకి పెట్టాలంటే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. తడిసినవాటిని మళ్లీ ఎత్తి ఆరబెట్టడానికి మాకు వారం పట్టింది, అడుగు పొరలో మొలకలు వచ్చేశాయి. "ఒక్క అరగంట ముందు తెలిసుంటే చాలురా" అని మా చిన్నాన్న ఆ రోజు అన్నాడు. ఇదంతా మొదలుపెట్టింది ఆ మాట కోసమే.

2023 వేసవి నుంచి డాబా మీద కెమెరా పెట్టి, ఫోన్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూ వస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పెట్టుకుందామని అడుగుతున్నారు, అందుకని ఏది పనిచేసిందో ఏది చేయలేదో వివరంగా రాస్తున్నాను.

కెమెరా అంటే ఇంటి కాపలాకి వాడే మామూలు నాలుగు మెగాపిక్సెల్ సీసీ కెమెరానే. సిమ్ రౌటర్, చిన్న యూపీఎస్, వైర్లు, ఇనుప పైపు అన్నీ కలిపి 11 వేలు అయ్యింది. వేసవి గాలివాన మాకు ఎక్కువగా పడమర, వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి మొదట తిన్నగా పడమరకి తిప్పి పెట్టాను. సాయంత్రం నాలుగు నుంచి సూర్యుడు సరిగ్గా లెన్స్‌లోకి కొట్టి బొమ్మంతా తెల్లబారిపోయేది. మనకి కావాల్సింది ఆ రెండు గంటలే. వాయవ్యం కన్నా ఇంకాస్త ఉత్తరానికి తిప్పి, పైన రేకు ముక్కతో చూరులాగా కట్టాక కుదిరింది.

దాన్ని దుమ్ము కొలిచే సాధనంగా మార్చింది మాత్రం బొమ్మలో కనిపించే మూడు గుర్తులు. చేను చివర కొబ్బరి వరస అరకిలోమీటరు. ఇటుకబట్టీ గొట్టం ఒకటిన్నర కిలోమీటర్లు. ఆ వెనక సెల్ టవర్, సుమారు నాలుగు కిలోమీటర్లు. మంచి ఎండలో టవర్ కమ్మీలు కూడా లెక్కపెట్టొచ్చు. చెత్త పొగ, మామూలు మంచు ఉంటే టవర్ బూడిదరంగులోకి పోతుంది గానీ కనిపిస్తూనే ఉంటుంది. గాలిదుమారం వస్తే అలా కాదు. టవర్ మొదలు దగ్గర ఎర్రమట్టి రంగు పట్టీ ఒకటి సన్నగా మొదలై, పైకి పాకి, టవర్ మొత్తాన్ని మింగేస్తుంది. చూపు ఎన్ని కిలోమీటర్లు ఆనుతోందో వాతావరణ కేంద్రాల్లో అంచనా వేసే పద్ధతి కూడా ఇలాంటిదే, దూరం తెలిసిన గుర్తుల్లో ఏది కనిపిస్తోందో చూస్తారు.

లెన్స్ మీద వారానికోసారి మెత్తటి గుడ్డ పెట్టాల్సిందే. రాత్రిపూట కెమెరా చుట్టూ వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపాలకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, తెల్లారేసరికి బొమ్మ నిండా దారాలు. ఆ దీపాలు ఆపేశాను. కదలిక కనిపిస్తే ఫోన్‌కి మెసేజ్ పంపే సదుపాయం మాకు ఎందుకూ పనికిరాలేదు, కొబ్బరి మట్ట ఊగినా మోగుతుంది. యూపీఎస్ మాత్రం తప్పనిసరి. గాలి మొదలవగానే కరెంటు పోతుంది.

ఇక ఉపగ్రహాల విషయం. 36 వేల కిలోమీటర్ల ఎత్తున మన ఇన్శాట్-3డీఆర్ 2016 నుంచి ఉంది, ఇన్శాట్-3డీఎస్‌ని 2024 ఫిబ్రవరి 17న పంపారు. ఒక్కోటి అరగంటకోసారి బొమ్మ తీస్తుంది. బొమ్మ మీద ఉండేది మన టైము కాదు, గ్రీనిచ్ టైము. దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 0900 అని ఉంటే మనకి మధ్యాహ్నం రెండున్నర. అది మన చేతికి వచ్చేసరికి ఇంకొంత ఆలస్యం అయి ఉంటుంది. ఈ లెక్క మొదటి వేసవిలో సరిగా చూసుకోక, దాటిపోయిన మేఘాన్ని చూసి చిన్నాన్నని పరుగులు పెట్టించాను.

మా ఊరి దుమ్ము ఉపగ్రహానికి కనిపించదు. మూడేళ్లలో ఒక్కసారి కూడా కనిపించలేదు. ఎండాకాలపు మేఘంలోంచి వానతో పాటు చల్లబడ్డ గాలి కిందికి దూకి, నేలకి తగిలి, చుట్టూ పరుచుకుంటుంది. ఆ గాలి అంచు లేపేదే ఈ దుమ్ము. మా దగ్గర ఆ పట్టీ వెడల్పు మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లు, పైగా మేఘం నీడలోనే ఉంటుంది. ఇన్శాట్ మామూలు బొమ్మలో ఒక చుక్క అంటే కిలోమీటరు, వేడిని చూసే బొమ్మలో నాలుగు కిలోమీటర్లు. ఇంక ఎక్కడ కనిపిస్తుంది!

రాజస్థాన్ సంగతి వేరు. అక్కడ వందల కిలోమీటర్ల మేర లేస్తుంది. వేడి కిరణాల్లో సుమారు 11, 12 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర తీసిన రెండు ఉష్ణ చిత్రాల్ని పోల్చితే దుమ్ముకీ మేఘానికీ తేడా తెలుస్తుంది, ఎందుకంటే మంచు మేఘంలో ఆ తేడా ఒకవైపు ఉంటే దుమ్ములో తిరగబడుతుంది. యూరప్ వాళ్ల మెటియోశాట్ చిత్రాల్లో అదే లెక్కతో దుమ్ముని గులాబీ రంగులో చూపిస్తారు. 2018 మే 2న రాత్రి రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో వచ్చిన దుమారానికి వందమందికి పైగా చనిపోయారు. ఆ వార్త చదివినప్పటి నుంచి మే నెలలో పడుకునేముందు ఒకసారి ఆ గులాబీ రంగు ఎటు వెళ్తోందో చూడకుండా ఉండలేను.

మరి మాకు ఉపగ్రహం ఎందుకంటే, దుమ్ముని లేపే మేఘం కోసం. 2024 మే నెలలో ఒక రోజు చెబుతాను. ఒకటిన్నర బొమ్మలో పోలవరం వైపు కొండల మీద మేఘాలు పేలాల్లా పొంగుతున్నాయి. రెండున్నర బొమ్మలో అవి కలిసిపోయి ఒకే తెల్ల గొడుగు అయ్యాయి. మచిలీపట్నం రాడార్ బొమ్మ చూస్తే వాన మా వైపే జరుగుతోంది. ఫోన్ చేశాను. "చిన్నాన్నా, వడ్లు కుప్పలు చేసేయించండి, బరకాలు దగ్గర పెట్టుకోండి. కట్టడం నేను చెప్పాక." మూడు గంటల యాభై నిమిషాలకి కెమెరాలో టవర్ మాయమైంది. యాభైనాలుగుకి బట్టీ గొట్టం పోయింది. యాభైఏడుకి కొబ్బరి తలలన్నీ ఒక్కసారి తూర్పుకి వాలిపోయాయి. అప్పటికి కుప్పలన్నిటి మీదా బరకాలు, వాటి అంచుల మీద ఇసుక బస్తాలు పడిపోయాయి. వడ్లు ఒక్క గింజ తడవలేదు. ఆ సాయంత్రం చిన్నాన్న మా ఇంటికి వచ్చి కెమెరా కింద కాసేపు నిలబడి చూసి వెళ్లాడు.

అన్ని రోజులూ ఇలా జరగలేదు. నేను జాగ్రత్త చెప్పినవాటిలో కొన్ని పక్కనుంచి వెళ్లిపోయాయి, కూలి దండగైంది. 2025లో ఒక మధ్యాహ్నం పై ఎత్తున పల్చటి మబ్బు పరుచుకుని ఉండగా, దాని కింద మా నెత్తి మీదే మేఘం కట్టింది. ఉపగ్రహ చిత్రంలో ఏమీ తేలలేదు. కెమెరా ఒక్కటే చెప్పింది, అదీ ఏడు నిమిషాల ముందు. ఇదే ఈ ఏర్పాటులో అసలు లోటు. గంటకి 40 కిలోమీటర్ల గాలి నాలుగు కిలోమీటర్లు రావడానికి ఆరేడు నిమిషాలే పడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఆ లెక్క మారదు. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసి, చేలు ఎండిపోయి, ఏట్లో ఇసుక బయటపడ్డ ఆ ఐదారు వారాల్లో ఏడు నిమిషాలు చాలవు.

అందుకే పెద్ద కెమెరా కొనమని ఎవరికీ చెప్పను. చవకదే తీసుకుని దూరంగా పెట్టండి. మేము ఈ మార్చిలో రెండోది మాకు ఎగువన కడియపులంకలో, మా బావగారి నర్సరీ షెడ్డు మీద బిగిస్తున్నాం. మొక్కల మీద కట్టిన పచ్చ నెట్లు గాలికి చిరిగిపోతున్నాయని ఆయనకీ బాధే. అక్కడ దుమ్ము కనిపించిన క్షణం నుంచి మా కళ్లానికి ఇంకో పావుగంట దొరుకుతుంది.